పేపర్లో 5 రూపాయలు, నా జేబులో 910

మొన్న సోమవారం పొద్దున నేనెక్కిన బస్సులో ఒక బేల్దారి మేస్త్రికీ కండక్టరమ్మకీ పది రూపాయల దగ్గర మాటా మాటా పెరిగింది. ఆయన చేతిలో 20 రూపాయలు ఉన్నాయి, ఆమె 30 అడుగుతోంది.

"ఏమ్మా, పల్లెవెలుగులో ఇరవైయే కదా, ముప్పై అంటావేంది?"

"ఇది ఎక్స్‌ప్రెస్సు అన్నా. ఎక్కేటప్పుడు బోర్డు చూడాల కదా."

"రోడ్డు అదే. నేను నిలబడుకోనుండేదీ అట్లే. పది రూపాయలు దేనికి ఎక్కువ?"

"నేను పెట్టిన రేటా అన్నా? మిషన్లో ఏదొస్తే అదే. నా మీద అరిస్తే ఏమొస్తాది?"

ఆమె చెప్పింది నిజమే, ఆయన అడిగిందీ నిజమే. చివరికి ఆయన లోపలి జేబులోంచి ఇంకో పది తీసి ఇచ్చాడు. ఇచ్చి, టికెట్టును రెండు మూడు సార్లు తిప్పి చూశాడు. ఆ చూడటం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఆఫీసుకొచ్చి లెడ్జరు తెరిచినా అదే గుర్తొస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. జీతం 16,000. మా ఊరు చంద్రగిరి దాటాక కొంచెం లోపలికి, తిరుపతి నుంచి సుమారు 20 కిలోమీటర్లు. పదేళ్ళకు పైగా రోజూ బస్సులోనే పోయి వస్తున్నాను. లెక్కలు రాసేవాడిని కాబట్టి సొంత ఖర్చులకూ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను, 2019 నుంచి అన్నీ అందులో ఉన్నాయి. సోమవారం రాత్రి అది తీసి చూశాను.

2019 నవంబరులో నాకు పోవడానికి 15, రావడానికి 15. నెలకు 26 రోజులు పని, అంటే 780 రూపాయలు. ఇప్పుడు పొద్దున పల్లెవెలుగు దొరికితే 20. రాత్రి మాత్రం కథ వేరు. కరోనాకు ముందు మా షాపు 8 గంటలకు కట్టేసేవాళ్ళు, ఇప్పుడు 9 దాటుతుంది, ఆ సరికి మా ఊరి మీదుగా పోయే బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. చిత్తూరు వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి చంద్రగిరిలో దిగాలి, దానికి 25. అక్కడి నుంచి ఊళ్ళోకి షేర్ ఆటో, 20. ఆటో నిండేదాకా కదలదు, అది ఇంకో అరగంట. మొత్తం రోజుకు 65, నెలకు 1,690. పేపర్లో చూస్తే నా టికెట్టు 15 నుంచి 20 అయింది, అంటే 5 రూపాయల పెంపు. నా నోటుబుక్కులో 910 రూపాయల పెంపు.

నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. ఛార్జీ పెరిగిందా అని అడిగితే అందరూ కిలోమీటరుకు ఎన్ని పైసలు అన్న లెక్క చెబుతారు. రోజూ తిరిగేవాడికి ఆ లెక్క సగమే. ఏ బస్సు దొరుకుతుంది, ఎన్ని గంటలకు దొరుకుతుంది, ఊళ్ళో ఆగుతుందా, బయట రోడ్డు మీదే దించేస్తుందా, దిగాక ఆటో ఎక్కాలా, నడవాలా, ఇవన్నీ కలిస్తేనే ఛార్జీ. మేస్త్రి కట్టిన ఆ పది రూపాయలు ఏ పెంపు జీవోలోనూ ఉండవు. పల్లెవెలుగు రాకముందు ఎక్స్‌ప్రెస్ వచ్చింది, పనికి టైమవుతోంది, ఎక్కాడు, అంతే. 8 గంటలకల్లా అడ్డాలో నిలబడకపోతే ఆ రోజు కూలే ఉండదు, ఆయన బోర్డు చూసుకుంటూ కూర్చోలేడు.

పెంపు చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే బస్సులో మాట్లాడుకునేటప్పుడు అందరూ అన్నీ కలిపేస్తారు. 2019 డిసెంబరు 11 నుంచి పల్లెవెలుగులో కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్‌లో 20 పైసలు పెంచారు. వినడానికి పైసలే. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌లో ఒక పక్కకే 14 రూపాయలు అవుతుంది. ఆ తర్వాత మూడు వారాలకు, 2020 జనవరి 1న, ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. అది చాలా మంచి పని, నేను గట్టిగా సమర్థిస్తాను, మా ఊళ్ళో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు పండగ. జీతాల భారం ప్రభుత్వం తీసుకుంది కాబట్టి ఇక టికెట్టు జోలికి రారని మాలాంటివాళ్ళం అనుకున్నాం.

2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, డీజిల్ మండింది. బల్కుగా కొనే డీజిల్ బంకులో రేటు కంటే ఎక్కువైపోయి, బస్సులు మామూలు బంకుల్లోనే పోయించుకోవాల్సి వచ్చింది. ఆ కష్టం నాకు అర్థమవుతుంది. ఏప్రిల్ 14 నుంచి డీజిల్ సెస్ పెట్టారు. పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5, ఏసీ బస్సుల్లో 10. పల్లెవెలుగు కనీస టికెట్టు 10 అయింది. ఇక్కడ ఒకటి చూడండి. 5 కిలోమీటర్లు పోయేవాడికీ 2 రూపాయలే, 60 కిలోమీటర్లు పోయేవాడికీ 2 రూపాయలే. డీజిల్ తాగేది దూరం, సెస్ కట్టేది మనిషి. దగ్గరి ఊళ్ళ నుంచి రోజూ తిరిగే కూలీలు, షాపుల్లో పనిచేసేవాళ్ళు, వాళ్ళ మీదే అది ఎక్కువ పడింది.

ఆ మే 21న కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు సుంకం లీటరుకు 6 రూపాయలు తగ్గించింది. నేను ఆ రోజు ఇంట్లో చెప్పాను కూడా, ఇక సెస్ కొంచెం తగ్గుతుందేమో అని. జులై 1 నుంచి సెస్ మళ్ళీ పెరిగింది. ఈసారి దూరాన్ని బట్టి స్లాబులు పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే పల్లెవెలుగులో 30 కిలోమీటర్ల దాకా ముట్టుకోలేదు, ఎక్స్‌ప్రెస్ వాళ్ళకు మాత్రం దగ్గరి దూరానికీ పడింది. తిరుమల టికెట్టు 90కి చేరినప్పుడు అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. కొండకు పోయేవాళ్ళు ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఇస్తారు, మొక్కు అనుకుని ఇస్తారు. మా మాట ఎవరూ ఎత్తలేదు.

2024 మార్చిలో డీజిల్ మళ్ళీ 2 రూపాయలు తగ్గింది. నా టికెట్టులో మార్పు లేదు. సెస్ అన్నాక ఒక కారణానికి వేసేది, ఆ కారణం సద్దుమణిగితే తీసేయాలి, కనీసం తగ్గించాలి. దాన్ని మామూలు ఛార్జీలో కలిపేసి మరిచిపోతే ఇంకెప్పుడు డీజిల్ పెరిగినా మాకు సంజాయిషీ ఏమని చెబుతారు?

డీజిల్ అంటే గుర్తొచ్చింది. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్. కుప్పం, పలమనేరు వైపు లారీవాళ్ళను అడగండి, సరిహద్దు దాటి కర్ణాటక బంకులో ట్యాంకు నింపుకుని వస్తారు. మన పల్లెవెలుగు బస్సు అట్లా పోలేదు. బస్సు ప్రభుత్వానిది, డ్రైవరు ప్రభుత్వ ఉద్యోగి, డీజిల్ మీద పన్నూ రాష్ట్ర ప్రభుత్వానిదే, ఆ పన్నుతో కలిపి ఖర్చు లెక్కగట్టి టికెట్టు మా దగ్గర వసూలు చేస్తున్నారు. ఒక్క పల్లెవెలుగు డీజిలుకైనా ఆ వ్యాట్ మాఫీ చేయొచ్చు కదా అని నాకు ఎప్పటి నుంచో ఉంది. ఖజానాలో కుడి చేతిలోది ఎడమ చేతికి మారుతుంది, ఆ మేస్త్రికి మాత్రం నిజంగా మిగులుతుంది.

బస్సు దిగే ముందు అదే మేస్త్రి పక్కనున్న వాళ్ళతో అన్నాడు, "ఆడోళ్ళకంతా ఫ్రీ ఇచ్చి అదంతా మన నెత్తిన రుద్దుతాండారు" అని. ఇద్దరు ముగ్గురు తలలూపారు. కిటికీ దగ్గర కూర్చున్న ఒక ఆడమనిషి ముఖం తిప్పుకుంది. బహుశా తిరుచానూరులో ఎక్కడో పనికి పోతున్నట్టుంది, ఒళ్ళో టిఫిన్ బాక్సు ఉంది. ఆ మాట నాకు నచ్చలేదు, అక్కడే చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేసిన స్త్రీ శక్తి పథకం మొదలైంది 2025 ఆగస్టు 15న. నేను పైన చెప్పిన పెంపులన్నీ 2019లో, 2022లో. ఆడవాళ్ళు జీరో టికెట్టు తీసుకోవడానికి మూడేళ్ళ ముందే మన టికెట్టు పెరిగింది. వాళ్ళ మీద కోపం పెట్టుకోవడం తప్పు.

మా ఇంట్లో సంగతే చెబుతాను. నా భార్య తిరుపతిలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఆమెకూ పోనూ రానూ 40, నెలకు 1,040 అయ్యేది. ఇప్పుడు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. ఆ డబ్బు ఆమె చేతిలో ఉండటం వేరే విషయం, ఆమె మొదటి నెల మిగిలిన దాంతో మా పాపకు కళ్ళద్దాలు చేయించింది, అవి మేము ఆరు నెలలుగా వాయిదా వేస్తూ వచ్చినవి. మా అమ్మ రుయా ఆసుపత్రికి మాత్రల కోసం పోవాలంటే ఇంతకుముందు నన్ను అడిగేది, ఇప్పుడు అడగదు, పోయి తెచ్చుకుంటుంది. కాబట్టి లెక్క సరిగ్గా చెప్పాలంటే మా ఇంటికి కష్టం కంటే లాభమే ఎక్కువ. నా 910 పోయినా ఆమె 1,040 మిగిలాయి.

అయితే ఆ మేస్త్రి ఇంట్లో అట్లా లేదు. తర్వాత టీ దగ్గర మాట్లాడాను. ఆయనది పాకాల వైపు పల్లె. భార్య ఊళ్ళోనే రెండు ఆవులు చూసుకుంటుంది, ఆమె బస్సెక్కేది ఎప్పుడో పెళ్ళికో చావుకో. రోజూ తిరిగేది ఆయనా, ఆయన కొడుకూ. ఇద్దరికీ పూర్తి టికెట్టు. ఇట్లాంటి ఇళ్ళు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆ మేస్త్రికి నాలుగు మామిడి చెట్లు ఉన్నాయట. "పోయిన సీజన్లో తోతాపురికి ఏం రేటో తెలుసు కదా సార్" అన్నాడు. తెలుసు. 2025లో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, కలిపి కిలోకు 12 రూపాయలు అని ప్రకటించారు, అది కూడా గలాటా అయ్యాక. ఒక ఎక్స్‌ప్రెస్ టికెట్టుకు రెండున్నర కిలోల కాయలు. ఆయన ఆ లెక్క వేసి చెప్పినప్పుడు నా దగ్గర మాట లేదు.

పక్క రాష్ట్రాల సంగతి చిత్తూరు వాళ్ళకు బాగా తెలుసు, వేలూరు వాళ్ళకు తిరుపతి కంటే దగ్గర. తమిళనాడులో 2018 జనవరిలో ఒకేసారి పెంచారు, టౌను బస్సు కనీస టికెట్టు 3 నుంచి 5 అయింది. కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు, వారం పది రోజుల్లోనే ప్రభుత్వం కొంత తగ్గించింది. కర్ణాటకలో 2025 జనవరిలో 15 శాతం పెంచారు, కాబట్టి పక్క రాష్ట్రమంతా బంగారం అని నేను అనను. తమిళనాడు సంగతి ఎందుకు చెప్పానంటే, జనం అడిగితే తగ్గిన సందర్భం మన పక్కనే ఉంది.

మనకు అడిగే చోటు ఎక్కడుంది? కరెంటు ఛార్జీలు చూడండి. మనకు కరెంటు ఇచ్చే సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఛార్జీలు మార్చాలంటే వాళ్ళు తమ ఖర్చులన్నీ విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. పేపర్లో ప్రకటన ఇవ్వాలి. ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు, బహిరంగ విచారణలో నిలబడి మాట్లాడొచ్చు, దానికి వాళ్ళు జవాబు చెప్పాలి. ఒక రైతు పోయి "నా మోటారుకు ఇంత బిల్లు ఎందుకు" అని కమిషన్ ముందే అడగొచ్చు. బస్సు ఛార్జీకి అట్లాంటిది లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 67వ సెక్షన్ ప్రకారం ఛార్జీలు నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. 2022లో రెండుసార్లూ ముందు రోజు చెప్పి మర్నాటి నుంచి పెంచారు. పొద్దున బస్సెక్కి చిల్లర ఇచ్చాకే చాలామందికి తెలిసింది. ఆ గొడవంతా కండక్టర్ల మీద పడింది. ఆ వారమంతా మా రూటు కండక్టరు ఒకాయన, రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, ఎక్కిన ప్రతివాడికీ చేతులు జోడించి చెప్పాడు, "నాయనా, నన్నేం చేయమంటావు" అని.

కరెంటుకు ఉన్న పద్ధతి బస్సుకు ఎందుకు ఉండకూడదు? పెంచకూడదని నేను అనడం లేదు. టైర్లు, డీజిల్, బస్సులు, అన్నీ పెరుగుతాయి, నాకు తెలుసు, నేనూ లెక్కలు రాసేవాడినే. ఆ లెక్క మా ముందు పెట్టండి. నెల ముందు చెప్పండి. తిరుపతిలో ఒక రోజు, చిత్తూరులో ఒక రోజు కూర్చుని మా మాట వినండి. మేస్త్రి వచ్చి అదే ప్రశ్న అడుగుతాడు, రోడ్డు అదే కదా అని. దానికి జవాబు ఉంటే చెప్పండి, లేకపోతే పల్లెవెలుగు టైముకు రాని చోట ఎక్స్‌ప్రెస్‌లో కూడా దగ్గరి ఊళ్ళకు పల్లెవెలుగు టికెట్టే కొట్టండి. ఇంతకంటే తేలికైన మార్పు నాకు కనపడటం లేదు, మిషన్లో రేటు మార్చడమే.

60 దాటినవాళ్ళకు 25 శాతం రాయితీ ఉందని కూడా చాలామందికి తెలియదు, ఆధార్ తీసుకుని పోతే చాలు. మా నాయనకు నేను చెప్పేదాకా తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే చెప్పండి. నెలవారీ సీజన్ టికెట్టు సంగతి కూడా బస్టాండు కౌంటరులో కనుక్కోండి. రోజుకూలీకి నెలకు సరిపడా డబ్బు ఒకేసారి కట్టడం కష్టం, అది వేరే బాధ.

మంగళవారం రాత్రి ఒక తెల్లకాగితం మీద అర్జీ రాశాను. రెండే అడిగాను. ఒకటి, రాత్రి 9:30కి తిరుపతి నుంచి మా ఊళ్ళ మీదుగా ఒక్క పల్లెవెలుగు. షాపుల్లో, హోటళ్ళలో, ఆసుపత్రుల్లో పనిచేసి ఆ టైముకు ఇళ్ళకు పోయేవాళ్ళం మా రూటులోనే చాలామందిమి ఉన్నాం, అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు బస్సు ఫ్రీ, ఆ టైములో బస్సే లేకపోతే ఆటోకు 20 కట్టాల్సిందే, చీకట్లో ఆటో నిండేదాకా నిలబడాల్సిందే. రెండోది పైన చెప్పిన ఎక్స్‌ప్రెస్ టికెట్టు సంగతి. బుధవారం నుంచి బస్సులో సంతకాలు పెట్టిస్తున్నాను. నిన్నటికి 43 అయ్యాయి. కండక్టరమ్మ సంతకం పెట్టలేనంది, ఉద్యోగం కదా, కానీ తన పెన్ను ఇచ్చింది. మొన్న ముఖం తిప్పుకున్న ఆవిడ 17వ సంతకం పెట్టి, కింద తన ఊరి పేరు కూడా రాసింది. మేస్త్రి వేలిముద్ర వేశాడు, కొడుకుతో సంతకం పెట్టించాడు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. షాపులో సగం రోజు సెలవు అడిగాను. మేస్త్రి కూడా వస్తానన్నాడు, ఆ రోజు కూలి పోయినా పర్వాలేదట. చంద్రగిరి రూటులో రోజూ తిరిగేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే పొద్దున 7:10 బస్సులో ముందు డోరు దగ్గర ఉంటాను, కాగితం నా దగ్గరే ఉంది.